చేతిపని ప్రశ్నోత్తరాలు: మంచుకొండ మీద బోర్డు దుకాణం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో స్నోబోర్డుల (మంచు మీద నిలబడి జారే బల్లల) గురించి అడిగినవే ఎక్కువ. పోయిన సంచికలో సంపాదకులు నా షెడ్డు ఫొటో వేశారు, దాని ప్రభావం. కొత్తగా చదివేవారికి రెండు ముక్కలు: మాది తెనాలి దగ్గర పల్లె, వడ్రంగుల ఇల్లు. విమాన భాగాలకి ఫైబర్ పొరలు వేసే కంపెనీలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు కొలరాడోలోని లెడ్‌విల్‌లో ఉంటున్నాను. పదివేల అడుగుల ఎత్తు దాటిన పాత గనుల ఊరు ఇది. చలికాలమంతా బోర్డులకి, స్కీలకి రిపేర్లు చేస్తాను. వేసవిలో కొత్త బోర్డులు చేస్తాను. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: అన్నయ్యగారూ, మేం డెన్వర్‌లో ఉంటాం. మావారు మెకానికల్ ఇంజనీరు, హెచ్‌-1బీ మీద ఉన్నారు. నాకు హెచ్‌-4 ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు ఉంది. గరాజ్‌లో సరదాగా స్నేహితులకి కొన్ని బోర్డులు చేసిచ్చాం, బాగా వచ్చాయి. ఏదైనా కొండ ఊళ్ళో చిన్న షాపు తీసుకుని ఇదే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. ఎంత పెట్టుబడి కావాలి? పెద్ద కంపెనీల ముందు నిలబడగలమా?
– ఒక సోదరి, డెన్వర్

జవాబు: చెల్లెమ్మా, డబ్బు లెక్క కంటే ముందు వీసా లెక్క చూసుకోవాలి. మీవారు తనకి హెచ్‌-1బీ పిటిషన్ వేసిన కంపెనీలోనే పనిచేయాలి. మీ షాపులో ఆయనకి వాటా ఉంటే ఉండొచ్చు, పని మాత్రం చేయకూడదు. "జీతం తీసుకోకపోతే అది పని కింద లెక్కకి రాదు" అని వీకెండ్ పార్టీల్లో చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళ మాట పట్టుకుని, అమ్మకానికి పోయే బోర్డుకి ఆయన ఇసుక కాగితం కూడా పట్టొద్దు. మీ ఈఏడీతో మీరు సొంత వ్యాపారం చేసుకోవచ్చు. కాకపోతే ఆ కార్డు ఆయన ఉద్యోగానికి ముడిపడి ఉంది, రెన్యువల్ ఆలస్యమైతే షాపులో మీరు పని ఆపాల్సిరావచ్చు. షాపు లీజు మీద సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయరుకి ఒక గంట ఫీజు ఇచ్చి కూర్చోండి. షాపు మీ పేరున, పని మీ చేతులతో. ఇంజనీరుగారిని సాయంత్రాలు వంట చూసుకోమనండి.

ఇక డబ్బు. స్నేహితులకి చేసినవి బాగా వచ్చాయన్నారు, సంతోషం. కానీ బోర్డు విరిగితే స్నేహితుడు బీరు అడిగి ఊరుకుంటాడు, కొన్నవాడు కొత్త బోర్డు అడుగుతాడు. ఆ తేడా కూడా ధరలో ఉండాలి. ఉదాహరణకి ఇలా వేసుకోండి. బోర్డు 750 డాలర్లకి మీరే నేరుగా అమ్మారు. చెక్క, ఫైబర్‌గ్లాస్, ఎపాక్సీ జిగురు, బేస్ (మంచుని తాకే అడుగు ప్లాస్టిక్ పొర), ఎడ్జ్‌లు (అంచున ఉండే ఉక్కు పట్టీలు), బోల్టులు పట్టే ఇన్సర్ట్‌లు కలిపి సామాను 200. చెడిపోయిన బోర్డులు, గ్లవ్స్, ఇసుక కాగితాలు, వారంటీ కింద 40. కార్డు ఛార్జీ, పార్సిలు 60. షాపు అద్దె, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 9,000 అనుకుని, 60 బోర్డులకి పంచితే ఒక్కోదాని మీద 150. ఇవన్నీ పోగా 300 మిగులుతుంది. బోర్డుకి పది గంటల పని పడితే గంటకి 30 డాలర్లు. బాగానే ఉంది కదా? అదే బోర్డుని దుకాణాల ద్వారా అమ్మితే వాళ్ళ కమిషన్ పోను మీకు 470 వచ్చిందనుకోండి. కార్డు, పార్సిలు ఖర్చు తప్పినా మిగిలేది 80. అంటే గంటకి 8 డాలర్లు. కొలరాడో కనీస వేతనం కంటే ఇది చాలా తక్కువ. అందుకే చేతిబోర్డుని దుకాణం గోడకి తగిలించి అమ్మాలని చూడకండి.

నేరుగా అమ్మినా 60 బోర్డులకి మీ చేతికొచ్చేది 18,000. కొండ ఊళ్ళలో ఇంటద్దెలు మీకు తెలియనివి కావు. దాంతో సంసారం గడవదు. ఇప్పుడు అసలు మాట చెప్తాను: మొదటి చలికాలం బోర్డులు చేయొద్దు, రిపేరు బల్ల పెట్టండి. రెండు వైజులు, ఫైళ్ళు, డైమండ్ స్టోన్లు, వ్యాక్స్ ఐరన్, గీకే ప్లాస్టిక్ పలకలు ఉంటే చాలు, కొద్ది వందల డాలర్లతో తేలిపోతుంది. ఎడ్జ్‌లు పదును పెట్టి, వ్యాక్స్ ఎక్కించి, గాట్లు పూడ్చే పూర్తి ట్యూన్‌కి 60 డాలర్లు తీసుకుంటారనుకోండి. వారానికి పది వచ్చినా, నవంబరు చివర వచ్చే థ్యాంక్స్‌గివింగ్ నుంచి ఏప్రిల్ మధ్యదాకా 20 వారాల్లో 12,000. బేస్‌ని రాతిచక్రం మీద అరగదీసే యంత్రం మాత్రం కొనకండి, చాలా ఖరీదు. ఆ పని ఉన్న బోర్డులని యంత్రం ఉన్న షాపుకి పంపించి మీ వాటా తీసుకోండి.

రిపేరు బల్ల డబ్బు కోసమే అనుకునేరు. డిసెంబరులో మంచు ఇంకా పలచగా ఉంటుంది, రాయి తగిలి బేస్ చీరుకుపోయి లోపలి చెక్క బయటపడుతుంది. కోర్ షాట్ అంటాం దాన్ని. అలాగే వదిలేస్తే నీరు చెక్కలోకి దిగి, రాత్రి గడ్డకట్టి, పొరల్ని లేపుతుంది. గాటు మధ్యలో ఉంటే ప్లాస్టిక్ కరిగించి పూడ్చొచ్చు. ఎడ్జ్ పక్కన పడితే అది నిలవదు. దెబ్బతిన్న చోటు వరకూ బేస్‌ని శుభ్రంగా కోసి తీసేసి, తడి ఆరేదాకా ఆగి, అదే మందం ఉన్న ముక్కని అంతే కొలతకి కోసి, ఎపాక్సీతో కూర్చోబెట్టి బిగించాలి. మర్నాడు పైకి లేచినదాన్ని గీకేసి చదును చేయాలి. ఇలాంటివి ఒక చలికాలమంతా చేస్తే ఎవరి బోర్డు ఎక్కడ విడిపోతోందో, పక్కన ఉండే పట్టీ, సైడ్‌వాల్, ఎక్కడ పగులుతోందో, ఎడ్జ్ ఎక్కడ ఊడుతోందో మీ చేతికి తెలుస్తుంది. అతుకు నిలబడినవాడు మార్చిలో మళ్ళీ వచ్చి, "మీరు బోర్డు చేస్తారట కదా" అని తనే అడుగుతాడు. మీ మొదటి ఖాతాదారు అతనే.

అడిగినప్పుడు సగం డబ్బు అడ్వాన్సు తీసుకోండి, మొహమాటపడకండి. బోర్డులు కట్టాల్సింది మే నుంచి అక్టోబరు దాకా, అప్పుడు రిపేర్ల డబ్బు రాదు. బేస్, బోర్డు పైపొరగా వేసే టాప్‌షీట్ ఎక్కువగా ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌ల నుంచి వస్తాయి. రోల్ లెక్కన, షీట్ల లెక్కన ముందే డబ్బు కట్టి తెప్పించుకోవాలి, పైన సుంకాలు. ఈ వ్యాపారాన్ని మింగేది మంచు లేని చలికాలం అనుకుంటారు అందరూ. నా ఉద్దేశంలో జులై, ఆగస్టు నెలలే ఎక్కువ ప్రమాదం.

కొలరాడోలో ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టడానికి 50 డాలర్లు చాలు, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. బోర్డు మీద నుంచి పడి భుజం విరిగినవాడి లాయరు ముందు చూసేది బోర్డు మీదున్న పేరునే. మన సరుకు వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే ఆదుకునే ప్రొడక్ట్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చేతికి రాకుండా ఒక్క బోర్డు కూడా అమ్మొద్దు. ఆ పాలసీలో స్నోబోర్డు అన్న మాట ఉందో లేదో మీ కళ్ళతో చదవండి. "క్రీడా సామగ్రి" అని రాసి, చిన్న అక్షరాల్లో మంచు ఆటలని తీసేసే పాలసీలూ ఉంటాయి.

పెద్ద కంపెనీల సంగతి అడిగారు. 1991లో పుట్టిన నెవర్ సమ్మర్ కంపెనీ మీ డెన్వర్‌లోనే సొంత ఫ్యాక్టరీలో బోర్డులు చేస్తోంది. వాళ్ళ ధరకి మీరు చేయలేరు, ఆ ఆలోచనే పెట్టుకోకండి. జనాభా వెయ్యి కూడా లేని సిల్వర్టన్‌లో బోర్డులు చేసిన వెంచర్ అనే చిన్న కంపెనీ ఎలా పేరు తెచ్చుకుందో చూడండి. మనుషుల్ని పైకి తీసుకెళ్ళే లిఫ్టులు లేని కొండల్లో, లోతైన మంచులో తిరిగేవాళ్ళ కోసం గట్టి బోర్డులు చేశారు. పక్కింటివాళ్ళు ఎక్కే కొండ అదే. మీరు ఏ ఊళ్ళో షాపు పెడితే ఆ ఊరి కొండకి పనికొచ్చే ఒక్క ఆకారం, రెండు మూడు పొడవుల్లో చేయండి. ఆకారం మారితే అచ్చు కొత్తది, టెంప్లేట్ కొత్తది, ఎడ్జ్ వంపు కొత్తది. కేటలాగు పెంచుకుంటూ పోతే గరాజ్ నిండా పాత అచ్చులు మిగులుతాయి.

ప్రశ్న: బాబూ, మా అబ్బాయి యూటాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గ్రీన్‌కార్డు కూడా వచ్చింది. ఇప్పుడు అన్నీ మానేసి మంచు మీద జారే చెక్కలు చేసి అమ్ముకుంటానంటున్నాడు. ఇది తిండి పెట్టే పనేనా? సంబంధాలవాళ్ళకి ఏం చెప్పమంటావు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, కంగారుపడకండి. ఈ ఆట పుట్టుకే అలాంటిది. 1965లో మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన ఆడపిల్లల కోసం రెండు స్కీలని పక్కపక్కన బిగించి బల్లలా చేశాడు. 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ అనే కుర్రాడు న్యూయార్క్‌లో ఉద్యోగం మానేసి వెర్మాంట్ వెళ్ళి బోర్డులు చేయడం మొదలుపెట్టాడు. మొదట్లో రాత్రిళ్ళు బార్‌లో పనిచేసేవాడు. ఆయన పెట్టిన బర్టన్ కంపెనీ ఇప్పటికీ ఉంది. 1998లో జపాన్‌లోని నగానో ఒలింపిక్స్‌కి ఈ ఆట వచ్చింది. బర్టన్ ఇంట్లోవాళ్ళు కూడా మీలాగే బెంగపడే ఉంటారు.

అయితే బర్టన్‌లాగా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది, మిగిలినవాళ్ళు కొద్దిమంది. మీ అబ్బాయిని మూడు అడగండి. ఏడాది పాటు జీతం రాకపోయినా గడిచే డబ్బు బ్యాంకులో ఉందా? ఉద్యోగం మానేశాక హెల్త్ ఇన్సూరెన్స్ ఎక్కడిది? స్నేహితుడు కానివాడు ఒక్కడైనా డబ్బిచ్చి బోర్డు కొన్నాడా? మూడిటికీ తడుముకోకుండా చెప్తే ఆశీర్వదించండి. మూడోదానికి నీళ్ళు నమిలితే, ఉద్యోగం చేసుకుంటూనే ఇంకో చలికాలం చేసిచూడమనండి. సంబంధాలవాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కాకపోతే అమ్మాయికి చలి పడుతుందో లేదో ముందే కనుక్కోండి.

ప్రశ్న: అన్నా, నేను ఫ్రిస్కోలో ఉంటాను, టెక్సాస్ ఫ్రిస్కో కాదు, కొలరాడో ఫ్రిస్కో. ప్రెస్సుకి డబ్బుల్లేక వాక్యూమ్ బ్యాగులో బోర్డు చేశాను. ముక్కు దగ్గర ఎడ్జ్ లేస్తోంది, ఫైబర్‌గ్లాస్ కింద అక్కడక్కడా తెల్ల మచ్చలు. కాలిఫోర్నియాలో సముద్రం పక్కన ఉండే ఫ్రెండ్ అదే పంపుతో, అదే ఎపాక్సీతో చేస్తే శుభ్రంగా వచ్చింది. నాకే ఎందుకిలా?
– ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, పంపు తప్పు కాదు, ఎపాక్సీ తప్పు కూడా కాదు. మీ ఊరి ఎత్తు. వాక్యూమ్ బ్యాగులో బోర్డుని నొక్కేది పంపు కాదు, బయట ఉన్న గాలి. బ్యాగులోపలి గాలి తీసేస్తే బయటి గాలి బరువు మీద పడుతుంది. సముద్రం ఒడ్డున ఆ బరువు చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. తొమ్మిదివేల అడుగులు దాటిన ఫ్రిస్కోలో దాదాపు పదిన్నర. మా లెడ్‌విల్‌లో పదే. ఎంత ఖరీదైన పంపు కొన్నా అంతకు మించి రాదు. కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకని ఊళ్ళో ఉన్నావు, బోర్డుకీ అదే తంటా. దానికీ కుక్కర్ లాంటిది కావాలి, అదే ప్రెస్సు.

ప్రెస్సు అంటే బ్రహ్మాండమేం కాదు. ఫైరింజన్ గొట్టాల్లాంటి చదును గొట్టాల్ని ఉక్కు చట్రంలో పరిచి, కంప్రెసర్‌తో గాలి నింపితే అవి ఉబ్బి అచ్చుని నొక్కుతాయి. చదరపు అంగుళానికి 40 పౌండ్లు పెట్టుకోవచ్చు. ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్తున్నాను. 160 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు అంటే సుమారు 700 చదరపు అంగుళాలు. 40తో గుణిస్తే 28,000 పౌండ్లు, పన్నెండు టన్నుల పైమాట. లారీ బరువు నీ గరాజ్‌లో నీ మోకాళ్ళ ఎత్తులో ఉంటుంది. వెల్డింగ్ నువ్వే నేర్చుకుంటూ చేయకు. లెక్క కట్టగల ఇంజనీరుకి గీత చూపించి, పని తెలిసిన వెల్డరు దగ్గర చట్రం చేయించు. గాలి ఎక్కించేటప్పుడు దాని ఎదురుగా నిలబడకు.

ఎడ్జ్ లేవడానికి వేరే కారణాలూ ఉండొచ్చు. ఎడ్జ్‌లకి ఫ్యాక్టరీ నూనె ఉంటుంది. వంచి, బేస్‌కి సూపర్ గ్లూతో అతికించాక ఎసిటోన్‌తో తుడిచి, ఆ తరవాత ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఎడ్జ్ మీద సన్నటి రబ్బరు పట్టీ వేశావా? ఉత్తరంలో రాయలేదు. ఉక్కు, గ్లాస్ ఒకే తీరున వంగవు, చలికి ఒకే తీరున ముడుచుకోవు. మధ్యలో ఆ పట్టీ లేకపోతే జిగురు మీద గుంజుడు పడి, బాగా వంగే ముక్కు దగ్గరే ముందు విడుతుంది. సైడ్‌వాల్‌కి పాలిథిలీన్ వాడితే దానికి ఏ జిగురూ పట్టదు, గ్యాస్ మంటని పైపైన ఆడించాలి. సరిగ్గా ఆడిందో లేదో తెలుసుకోవాలంటే నీళ్ళు చల్లు. చుక్కలు ముత్యాల్లా నిలబడితే మళ్ళీ ఆడించు, పల్చగా పరుచుకుంటే సరిపోయినట్టు.

తెల్ల మచ్చలంటే ఎపాక్సీ తడవని గ్లాస్, లేదా చిక్కుకుపోయిన గాలి. చలి గరాజ్‌లో ఎపాక్సీ బెల్లంపాకంలా చిక్కబడుతుంది, గ్లాస్‌లోకి దిగదు. చెక్క, గ్లాస్, ఎపాక్సీ ముందురోజే ఇంట్లో వెచ్చగా పెట్టుకో. చివరగా, ఫొటోలో ఒట్టి చేతులతో ఎపాక్సీ పూస్తున్నావు. హార్డెనర్‌కి ఒకసారి ఒంట్లో ఎలర్జీ పుట్టిందంటే మళ్ళీ పోదు, ఆ వాసనకే దద్దుర్లు లేచి పని మానుకున్నవాళ్ళున్నారు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకో, చిరిగితే వెంటనే మార్చు. గ్లాస్‌ని అరగదీసేటప్పుడు గుడ్డ మాస్కు కాదు, ఫిల్టరు ఉన్న రెస్పిరేటర్ పెట్టుకో.

ప్రశ్న: కార్బన్ ఫైబర్ వేస్తే బోర్డు ధర పెంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: ధర పెంచుకోవచ్చు. బోర్డు మెరుగవుతుందో లేదో అది ఎక్కడ, ఏ దిశలో వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. కనపడటానికి మాత్రమే వేసేదైతే నల్లరంగు చవక.

ప్రశ్న: గురువుగారూ, కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర దూదిలా తేలిక కదా. దాంతో స్నోబోర్డు లోపలి చెక్క చేసి గుల్మార్గ్‌లో అమ్మితే ఎలా ఉంటుంది? మన కర్ర, మన దేశపు మంచు!
– ఒక ఔత్సాహికుడు, విజయవాడ

జవాబు: మీ ఉత్సాహానికి నమస్కారం, కానీ వద్దు. పొణికి గొప్పదనం దాని మెత్తదనం. కత్తి ఎటు తిప్పితే అటు వెళ్తుంది. బొమ్మకి అది వరం, బోర్డుకి శాపం. బోర్డు లోపలి చెక్క వేలసార్లు వంగి వెనక్కి రావాలి. పాదాల కింద, బూట్లని పట్టి ఉంచే బైండింగ్ బోల్టులు పట్టే ఇన్సర్ట్‌లు ఉంటాయి, మనిషి బరువంతా వాటినే లాగుతుంది. మెత్త కర్రలో అవి నిలవవు. అందుకే తేలికదనం, వంగి వెనక్కొచ్చే గుణం రెండూ ఉన్న పాప్లార్‌ని నిలువు పట్టీలుగా అతికించి, అవసరమైనచోట యాష్, మేపుల్ లాంటి గట్టి కర్ర కలుపుతారు. మధ్యలో ఏడెనిమిది మిల్లీమీటర్లు, చివర్లలో రెండు మిల్లీమీటర్ల దాకా దింపుతారు. పైగా పొణికి చెట్లు తగ్గిపోయి కొండపల్లి కళాకారులే ఇబ్బంది పడుతున్నారు. వాళ్ళ కర్ర వాళ్ళకే ఉంచుదాం.

మీకు కావలసిన కర్ర అక్కడే ఉంది. కశ్మీర్‌లో ఆపిల్ పెట్టెలు చేసేది పాప్లార్‌తోనే. హర్యానాలోని యమునానగర్ ప్లైవుడ్ మిల్లులు నడిచేదీ ఎక్కువగా పాప్లార్ మీదే. క్రికెట్ బ్యాట్లు చెక్కే చేతులు కశ్మీర్‌లో ఉన్నాయి, కర్ర ఆరబెట్టడం వాళ్ళకి కొత్త కాదు. రానిది కర్ర కాదు, బేస్, ఎడ్జ్‌లు. అవి విదేశాల నుంచి సుంకం కట్టి తెప్పించుకోవాలి.

కొనేదెవరన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. గుల్మార్గ్ గొండోలా (తీగ మీద నడిచే బండి) అఫర్వత్ కొండ మీద దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది, ఆ మంచు కోసం వచ్చే విదేశీయులు తమ బోర్డు తామే తెచ్చుకుంటారు. మనవాళ్ళు ఎక్కువమంది గంట లెక్కన అద్దెకి తీసుకుని, ఫొటో దిగి వెళ్తారు. ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు 2020లో మొదలయ్యాక కుర్రాళ్ళ సంఖ్య పెరుగుతోంది, వాళ్ళ చేతిలో డబ్బు మాత్రం పెరగలేదు. కాబట్టి డెన్వర్ చెల్లెమ్మకి చెప్పిందే మీకూ. జనవరి, ఫిబ్రవరి అక్కడే ఉండి, అద్దె సామాను ఇచ్చే దుకాణంలో చేరి ఎడ్జ్‌లు పదును పెట్టండి. ఆ పని చేసినంతకాలం విజయవాడలో బోర్డు చేయాలన్న ఆలోచన పక్కన పెట్టండి.

ప్రశ్న: అన్నగారూ, మేం లేక్ టాహో దగ్గర చిన్న బోర్డుల షాపు మొదలుపెట్టాం. టాప్‌షీట్ మీద ప్రింటు బదులు శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డే వేద్దామని ఉంది. సాధ్యమేనా?
– ఒక దంపతులు, ట్రక్కీ, కాలిఫోర్నియా

జవాబు: సాధ్యమే. పై గ్లాస్ పొర మీద గుడ్డ పరిచి, ఎపాక్సీతో తడిపి, పైన పారదర్శకమైన టాప్‌షీట్ వేస్తారు. రెండు చిక్కులున్నాయి. ఎపాక్సీ తగలగానే నూలుగుడ్డ తడిసినట్టు నల్లబడి, కింద ఏముందో కనబడుతుంది. కాబట్టి గుడ్డ కింద తెల్లటి పొర ఉండాలి, లేకపోతే రామాయణం మధ్యలో ఇన్సర్ట్‌లు తేలతాయి. రెండోది, రంగు పాకకుండా ఉండడానికి శ్రీకాళహస్తిలో గుడ్డని కరక్కాయ, గేదెపాలల్లో ముంచుతారు. ఆ పాలకొవ్వు గుడ్డలో మిగిలితే జిగురు పట్టదు. గోరువెచ్చటి నీళ్ళలో మెల్లగా ఉతికి, పూర్తిగా ఆరబెట్టి వాడండి.

గుడ్డ గీసిన కళాకారుడికి ముందే చెప్పండి, బోర్డు మధ్యలో పాదాలూ బైండింగులూ వస్తాయని, ముఖాలు అక్కడ గీయొద్దని. డబ్బు గుడ్డ అందగానే ఇచ్చేయండి, బోర్డు అమ్ముడయ్యేదాకా ఆపకండి. మొత్తం బోర్డు చేసేముందు అరచేతి వెడల్పు ముక్క చేసి, ఎండ తగిలే కిటికీలో నెలరోజులు పెట్టి చూడండి. కొండ మీద ఎండ ఘాటు. సగం ముక్కకి నల్లకాగితం చుట్టి ఉంచితే ఎంత వెలిసిందో తేడా తెలుస్తుంది.